ఎత్తు గుర్తుంటుంది, దూరం గుర్తుండదు

పర్వతారోహణ మీద హైదరాబాద్ పేపర్లలో వార్త వస్తే ఫొటో ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పొచ్చు. లావుపాటి కోటు, నల్ల కళ్లద్దాలు, చేతిలో జాతీయ జెండా, కింద ఒక అంకె. అది 5,895 అయితే కిలిమంజారో, 8,848 అయితే ఎవరెస్ట్. అంకె ఎంత పెద్దదైతే ఘనత అంత పెద్దదని చదివేవాళ్లు అనుకుంటారు. శిఖరం గురించి ఇంత దూరాన ఉన్నవాళ్లకు తెలిసేది ఎత్తొక్కటే కాబట్టి అందులో వింతేమీ లేదు.

మయన్మార్ ఉత్తర కొసన హకాకాబో రాజీ అనే శిఖరం ఉంది. ఎత్తు 5,881 మీటర్లు, కిలిమంజారో కంటే 14 మీటర్లు తక్కువ. కిలిమంజారో మీదికి ఏటా వేలమంది, ఎన్నడూ తాడు పట్టనివాళ్లతో సహా, వారం రోజుల్లో ఎక్కి దిగి వస్తున్నారు. హకాకాబో రాజీ మీద మనిషి కాలు పడింది మాత్రం 1996లోనే, అంటే ఎవరెస్ట్ ఎక్కిన 43 ఏళ్లకు. ఆ కొండ మొదట్లోకి చేరాలంటే వారాల తరబడి తడి అడవిలో నడవాలి. 2014లో మయన్మార్‌కే చెందిన ఇద్దరు ఆరోహకులు శిఖరం దగ్గర్లో కనిపించకుండా పోయారు. వాళ్లను వెతకడానికి వెళ్లిన హెలికాప్టర్ కూడా కూలిపోయింది.

ఈ రెండు కొండల మధ్య తేడా మీటర్లలో దొరకదు. రాయి, మంచు, వాలు లాంటివి ఉంటాయి, నిజమే. కానీ వాటన్నిటి వెనకా ఇంకో కొలత ఉంది: పైన ఏదైనా జరిగితే సాయం ఎంత దూరంలో ఉంది? మారుమూల శిఖరాల అసలు కష్టమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

హైదరాబాద్‌కు ఈ కథతో ఊహించని చుట్టరికం ఉంది. 1802లో మద్రాసు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వేను నడుపుతున్న విలియం ల్యాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరడానికి 1818లో జార్జ్ ఎవరెస్ట్ అనే యువ అధికారి వచ్చింది ఈ ఊరికే. తర్వాత కృష్ణా, గోదావరుల మధ్య అడవుల్లో కొలతలకు వెళ్లి అక్కడి జ్వరం బారిన పడ్డాడు. కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొస దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆయన తర్వాతి తరం సర్వేయర్లు బిహార్ మైదానాల్లో నిలబడి, 160 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి దుర్భిణి పెట్టి హిమాలయ శిఖరాల కోణాలు రాసుకున్నారు. ఆ అంకెల మీద సర్వేలో గణకుడిగా ఉన్న రాధానాథ్ సిక్దర్ లెక్క కట్టాడు. 1856లో ప్రకటించిన ఎవరెస్ట్ శిఖరం ఎత్తు 29,002 అడుగులు. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన 8,848.86 మీటర్లతో పోలిస్తే తేడా దాదాపు 9 మీటర్లే. అప్పటి పరికరాలతో, అంత దూరం నుంచి ఆ పని చేశారంటే చేతులెత్తి మొక్కాల్సిందే.

అయితే ఎత్తు తెలిసిపోయినా ఆ కొండ దగ్గరికి మాత్రం ఎవరూ పోలేకపోయారు. నేపాల్, టిబెట్ రెండూ తలుపులు మూసుకుని ఉన్నాయి. టిబెట్ మీదుగా మొదటి బ్రిటిష్ బృందం ఎవరెస్ట్ పాదాల దగ్గరికి చేరింది 1921లో. 1953లో టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ శిఖరం మీద నిలబడ్డారు. ఎత్తు ప్రకటించాక కొండ మొదట్లోకి చేరడానికి 65 ఏళ్లు పట్టింది. అక్కడి నుంచి కొస దాకా ఎక్కడానికి 32 ఏళ్లు చాలాయి.

ఉత్తరాఖండ్‌లోని నందాదేవి కథ ఇంకా గట్టిది. 7,816 మీటర్ల ఆ శిఖరం చుట్టూ ఎత్తయిన పర్వతాలు కోటగోడలా నిలబడి ఉంటాయి. ఆ గోడ చుట్టుకొలత 110 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గోడలో ఉన్న ఒకే ఒక సందు రిషిగంగ నది కోసుకుంటూ వచ్చిన లోయ. నిట్టనిలువు రాళ్ల మధ్య, కింద హోరుమంటున్న నీళ్లు. 1883 నుంచి ఎందరో ప్రయత్నించి వెనక్కి వచ్చారు. 1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్, వాళ్లతో ముగ్గురు షెర్పాలు ఆ లోయ గుండా దారి కనిపెట్టి మొదటిసారి లోపలికి అడుగుపెట్టారు. గుమ్మం దాటడానికి 50 ఏళ్లు పట్టిందన్నమాట. ఆ తర్వాత రెండేళ్లకే, 1936 ఆగస్టు 29న, టిల్మన్, నోయెల్ ఓడెల్ శిఖరం చేరారు. 1950లో నేపాల్‌లోని అన్నపూర్ణ ఎక్కేదాకా మనిషి చేరిన అతి ఎత్తయిన శిఖరం అదే.

కే2 పేరులోనే ఆ దూరం ఉంది. 1856లో సర్వేయర్ థామస్ మాంట్‌గోమరీ కశ్మీర్‌లోని హరముఖ్ పర్వతం దగ్గర నుంచి, 200 కిలోమీటర్ల దూరాన కనిపించిన శిఖరాలకు వరసగా కే1, కే2 అని గుర్తులు రాసుకున్నాడు. తర్వాత చాలావాటికి స్థానికులు పిలిచే పేర్లు దొరికాయి, గుర్తులు పోయాయి. కే2కి అలా నలుగురి నోళ్లలో నానిన పేరు దొరకలేదు. కారణం, ఆ దారిలో చివరి ఊరైన అస్కోలే నుంచి కూడా ఆ కొండ కనిపించదు. ప్రపంచంలో రెండో ఎత్తయిన పర్వతాన్ని రోజూ చూసేవాళ్లే లేరు. అందుకే సర్వేయర్ నోట్‌బుక్‌లోని గుర్తే దానికి పేరైపోయింది.

ఎత్తు వల్ల వచ్చే కష్టాన్ని తక్కువ చేయడానికి లేదు. అది ఒంట్లో ఏం చేస్తుందో తెలియకుండా దూరం సంగతి అర్థం కాదు. గాలిలో ఆక్సిజన్ పాలు అన్నిచోట్లా ఒకటే, దాదాపు 21 శాతం. మారేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర అది సముద్ర మట్టంలో ఉన్నదానికి సగం, ఎవరెస్ట్ కొసన మూడో వంతు. వంటింటి లెక్కలో చెప్పాలంటే, 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో నీళ్లు 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి. లేహ్‌లో 88, ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌లో 82 లేదా 83, శిఖరం మీద 71. బేస్ క్యాంప్‌లో మూత పెట్టిన గిన్నెలో బియ్యం పోసి ఎంతసేపు మరిగించినా మెతుకు లోపల పలుకు మిగిలే ఉంటుంది. నీళ్లు ఆవిరైపోతాయి, స్టవ్‌లో ఇంధనం అయిపోతుంది, అన్నం మాత్రం కాదు. అందుకే ఎంత బరువైనా ప్రెషర్ కుక్కర్ పైదాకా మోసుకుపోతారు.

ఒత్తిడి ఎత్తు మీద మాత్రమే ఆధారపడదు. భూమధ్యరేఖ వైపు వాతావరణపు పొర మందం, ధ్రువాల వైపు పల్చన. ఎవరెస్ట్ 28 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి అక్కడ ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎక్కడం ఏదోలా సాధ్యమవుతోంది. 1978 మే 8న రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ దాన్ని చేసి చూపించారు. అదే పర్వతం అలాస్కాలో ఉండి ఉంటే వాళ్లకు ఆ మేరకు కూడా గాలి దొరికేది కాదు. అలాస్కాలోని డెనాలీ ఎత్తు 6,190 మీటర్లే అయినా, 63 డిగ్రీల ఉత్తరాన ఉండటం వల్ల అంకె చెప్పేదానికంటే ఎత్తయిన కొండలా అది ఊపిరిని పిండుతుంది. అంటే ఎత్తు అనే అంకె ఎత్తు గురించి కూడా పూర్తి నిజం చెప్పదు.

ఒళ్లు దీనికి అలవాటు పడుతుంది, కానీ తన టైమ్ తను తీసుకుంటుంది. పైకి వెళ్లగానే ఊపిరి వేగం పెరుగుతుంది. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి క్షారగుణం పెరుగుతుంది. మూత్రపిండాలు దాన్ని సరిచేయడానికి రోజులు పడుతుంది, ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని డాక్టర్లు చెబుతారు. హైదరాబాద్ నుంచి పొద్దున విమానం ఎక్కి ఢిల్లీ మీదుగా అదే రోజు లేహ్‌లో దిగేవాళ్లు ఒక్క పూటలో దాదాపు 3,000 మీటర్లు ఎక్కేసినట్టే. మొదటి రెండు రోజులు ఊరు చూడాలన్న ఆరాటం ఆపుకుని గదిలో పడుకోమనేది అందుకే. తలనొప్పి, వాంతులు అక్కడితో ఆగితే సరే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని అనుమానించాలి. సరళరేఖ మీద అడుగు ముందు అడుగు వేయలేక తూలుతుంటే మెదడు వాస్తున్నట్టు. రెండింటికీ అసలు మందు ఒకటే, కిందికి దిగిపోవడం. ఆక్సిజన్, మాత్రలు, ఇంజెక్షన్లు అన్నీ దిగేదాకా టైమ్ సంపాదించడానికే.

సరిగ్గా ఇక్కడే దూరం వచ్చి అడ్డం పడుతుంది. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో గోరక్‌షెప్ దగ్గర, 5,100 మీటర్లకు పైన ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, సాయంత్రానికల్లా ఫెరిచే దాకా దింపొచ్చు. అది దాదాపు 4,270 మీటర్లు, సీజన్‌లో అక్కడ ఎత్తు జబ్బులు చూసే డాక్టర్లుంటారు. దారి పొడుగునా లాడ్జీలు, వేడి సూప్, ఫోన్ సిగ్నల్, పిలిస్తే హెలికాప్టర్. కే2 బేస్ క్యాంప్ ఎత్తూ దాదాపు 5,000 మీటర్లే. కానీ అక్కడి నుంచి బయటికి వచ్చేది 60 కిలోమీటర్లు పరుచుకున్న బాల్టోరో హిమానీనదం మీదుగా. అది నిలువుగా దిగదు, అడ్డంగా సాగుతుంది. రాళ్లు, మంచు కలిసిన ఆ దిబ్బల మీద రోజంతా నడిచినా దిగేది ఏ మూడు నాలుగు వందల మీటర్లో. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాడిని స్ట్రెచర్ మీద మోస్తూ ఆ దారిలో పోవడం ఎలా ఉంటుందో ఆలోచిస్తేనే గుండె దడదడలాడుతుంది.

హెలికాప్టర్ ఉంది కదా అనిపించొచ్చు. 2005 మే 14న డిడియర్ డెల్సాల్ అనే ఫ్రెంచ్ పైలట్ ఎవరెస్ట్ శిఖరం మీదే హెలికాప్టర్ దించాడు. అది ఖాళీ మెషీన్‌తో, మంచి వాతావరణంలో, అనుభవజ్ఞుడైన టెస్ట్ పైలట్ చేసిన పని. పల్చటి గాలిలో రెక్కలకు పట్టు దొరకదు, ఇంజిన్ బలం తగ్గుతుంది. రోజువారీ రెస్క్యూ దానికంటే చాలా కిందే ఆగిపోతుంది. పైగా హెలికాప్టర్ ఎగరాలంటే దగ్గర్లో పైలట్లు, ఇంధనం, దేశ సరిహద్దుల అనుమతి అన్నీ ఉండాలి.

తిండి లెక్క కూడా దూరం చేతిలోనే ఉంటుంది. ఒక కూలీ 25 కిలోలు మోస్తాడు, రోజుకు తిండి, ఇంధనం కలిపి కిలో ఖర్చు చేస్తాడు అనుకుందాం. కొండ దగ్గరికి 8 రోజులు, వెనక్కి 5 రోజులు అయితే దారిలో 13 కిలోలు పోయి 12 కిలోలు బేస్ క్యాంప్‌కు చేరతాయి. వెళ్లడానికి 15 రోజులు, రావడానికి 10 రోజులు పట్టే చోటికైతే చేరేది సున్నా. మోసినదంతా మోసినవాడి పొట్టకే సరిపోయింది. ఆ గీత దాటాక ఇంకొందరు కూలీలను పెట్టుకున్నా లాభం లేదు, వాళ్లూ తినాలి కదా. మధ్యలో తిండి దాచుకోవడం, యాక్ లాంటి జంతువులను నమ్ముకోవడం, లేదా షిప్టన్, టిల్మన్ చేసినట్టు చిన్న బృందంతో, తక్కువ సామానుతో, సత్తు పిండి తింటూ బతకడం. మారుమూల శిఖరం దగ్గర ఎక్కడం మొదలుపెట్టే రోజుకే మనిషి సగం అరిగిపోయి ఉంటాడు. మంచి వాతావరణం దొరుకుతుందనుకున్న నాలుగు రోజులూ తుఫానులో పోతే, ఇంకో వారం ఆగడానికి తిండి ఉండదు. అక్కడ వెనక్కి తిరగడం ఆరోహకుడి చేతకానితనం కానే కాదు. అది మూటలో మిగిలిన పిండి తీసుకున్న నిర్ణయం.

తెలుగువాళ్లలో ఈ లెక్కలన్నీ ఒంటరిగా మోసిన మనిషి మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా గాంధీజన సంఘంలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐఎం కలకత్తా మెట్లు ఎక్కినవాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. ఆయన 2015 మార్చి 24న కనిపించకుండా పోయింది ఎవరెస్ట్ మీద కాదు. చిలీ, అర్జెంటీనా సరిహద్దులో, ఆండీస్‌లోని ట్రెస్ క్రూసెస్ అనే పర్వతం మీద. ఎత్తు 6,748 మీటర్లు. ఆయనకు అంతకంటే ఎత్తయిన కొండలు కొత్త కాదు. కానీ అటకామా ఎడారి అంచున ఉన్న ఆ చోట ఊళ్లు లేవు, లాడ్జీలు లేవు, వేరే బృందాల రాకపోకలు అరుదు. ఆయన ఒంటరిగా వెళ్లాడు. అదే వారంలో తుఫాను వచ్చి, ఎన్నడూ వానెరగని అటకామాలో వరదలు ముంచెత్తాయి. ఏప్రిల్ 3న ఆయన దేహం దొరికింది. మధ్యలో పది రోజులు. నెల్లూరులో ఆయన కోసం ఎదురుచూసిన ఆ పది రోజులు ఈ వ్యాసం చెబుతున్న దూరానికి అసలైన కొలత.

నాలుగేళ్లకు 2019 మేలో నందాదేవి తూర్పు శిఖరం దగ్గర, అప్పటికి ఇంకా ఎవరూ ఎక్కని, పేరు కూడా లేని ఒక శిఖరం మీద మంచుచరియలు విరిగిపడి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్ల నాయకుడు మార్టిన్ మోరన్ ఆ కొండల్లో దశాబ్దాల అనుభవం ఉన్న గైడ్. దేహాలను కిందికి తేవడానికి టిబెట్ సరిహద్దు కాపలా దళం ఐటీబీపీ జవాన్లకు వారాలు పట్టింది.

హైదరాబాద్‌లో కొండలెక్కాలనే కోరిక ఉన్నవాళ్లు మొదట వెళ్లేది ఖాజాగూడ గుండ్ల దగ్గరికి, తర్వాత భువనగిరికి. మన బండలు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. హిమాలయాలు లేవడం మొదలైంది 5 కోట్ల ఏళ్ల కిందట, అంటే మన గుట్టల ముందు పసిబిడ్డలు. భువనగిరి ఏకశిల మీద ఎండ ముదరకముందే, పొద్దున ఆరింటికల్లా ఎక్కడం మొదలుపెట్టాలి, తొమ్మిది దాటితే బండ కాలుతుంది. పట్టుకోవడానికి పగులు కనిపించని చోట అరికాలు మొత్తం గరుకు రాయికి ఆనించి, బరువంతా దాని మీద వదిలేసి, చేతులు ఊరికే బ్యాలెన్స్ కోసం ఉంచాలి. కొత్తవాళ్లు భయంతో ఒళ్లంతా రాయికి అతుక్కుంటారు, అప్పుడే కాలు జారుతుంది. ఒంటిని రాయి నుంచి కాస్త వెనక్కి తెస్తేనే పాదానికి పట్టు వస్తుంది. ఇది నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు, రెండు మూడు సార్లు మోకాలు దోక్కుపోతే తప్ప.

ఈ బండ మీదే శిక్షణ మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో సాన పట్టుకుని, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి అన్నది వార్తల్లో ఎక్కువగా కనిపించని సంగతి. ఆ వైపు బేస్ క్యాంప్ దాకా వాహనం పోతుంది, ఆ మేరకు దగ్గరే. కానీ నేపాల్ వైపు ఉన్నట్టు పిలిస్తే వచ్చే రెస్క్యూ హెలికాప్టర్ అక్కడ లేదు. ఒకే పర్వతానికి రెండు వైపులా సాయం రెండు రకాల దూరంలో ఉంది. ఆ పిల్లలు చేసిన పని ఎంత పెద్దదో ఇది తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

భువనగిరి నేర్పేవి చాలా ఉన్నాయి: ముడులు వేయడం, తాడును నమ్మడం, భయాన్ని అదుపులో పెట్టుకోవడం. నేర్పలేనిది ఒకటుంది. ఆ గుట్ట మీద నిలబడితే వరంగల్ హైవే కనిపిస్తుంది. కాలు మెలికపడితే ఎవరో ఒకరు 108కి ఫోన్ చేస్తారు, అదే రోడ్డు మీద బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. 108 అంబులెన్స్ 2005లో మొదలైంది ఈ హైదరాబాద్‌లోనే. ఆపదొస్తే ఎవరో వస్తారన్న నమ్మకం ఇక్కడివాళ్లకు ఒంట్లో భాగమైపోయింది. మారుమూల కొండ దగ్గరికి వెళ్లేవాళ్లు ముందుగా వదులుకోవాల్సింది ఆ నమ్మకాన్నే. అందుకు ఏ బండ మీదా ప్రాక్టీస్ దొరకదు. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలీల్లోని పర్వతారోహణ శిక్షణ సంస్థల కోర్సులు వారాల తరబడి సాగేది కొంతవరకు ఇందుకే. అక్కడ కూడా ప్రమాదం పొంచే ఉంటుంది. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా శిఖరం మీద మంచుచరియలు ఉత్తరకాశీ సంస్థ శిక్షణ బృందాన్నే కబళించి కనీసం 27 మందిని బలి తీసుకున్నాయి.

ఇప్పుడు గాలి మారుమూల శిఖరాల వైపు వీస్తోంది. నేపాల్ 2025లో ఎవరెస్ట్ పర్మిట్ రుసుమును 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచింది. అదే ఏడాది తన పశ్చిమ కొసలోని కర్ణాలీ, సుదూర్‌పశ్చిమ్ ప్రాంతాల్లో 97 శిఖరాలకు రెండేళ్లపాటు రుసుమే లేదని ప్రకటించింది. మన దేశం 2019లో 137 శిఖరాలను విదేశీయులకు తెరిచింది. రద్దీ తగ్గుతుంది, పేద పల్లెలకు నాలుగు డబ్బులు వస్తాయి, మంచిదే. కానీ రుసుము మాఫీ చేసినంత తేలిగ్గా దూరం మాఫీ కాదు. ఆ లోయల్లో ఫెరిచే లాంటి క్లినిక్‌లు, దారి తెలిసిన కూలీలు, వాతావరణ సమాచారం లేకుండా ఉచితం అన్న మాట విని కొత్తవాళ్లు ఎగబడితే, ముందు నష్టపోయేది సామాను మోసే స్థానికులే.

భూటాన్ దీనికి వేరే జవాబు చెప్పింది. ఆ దేశంలోని గాంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ 7,570 మీటర్లతో ప్రపంచంలో ఇప్పటిదాకా ఎవరూ ఎక్కని అతి ఎత్తయిన పర్వతం. 1980లలో కొన్ని బృందాలు ప్రయత్నించి ఓడిపోయాయి. 1994లో 6,000 మీటర్లు దాటిన శిఖరాల మీద, 2003లో మొత్తం పర్వతారోహణ మీద భూటాన్ నిషేధం పెట్టింది. శిఖరాలు దేవతల నివాసాలన్న స్థానిక విశ్వాసం మొదటి కారణం. రెండోది, అంత ఎత్తున చిక్కుకున్నవాళ్లను దింపే రక్షణ ఏర్పాట్లు భారత్ కంటే దగ్గర్లో ఎక్కడా లేకపోవడం.

హైదరాబాద్ నుంచి ఉత్తరాఖండ్‌కో, లద్దాఖ్‌కో, నేపాల్ పశ్చిమానికో బయలుదేరే బృందాలు ఆపరేటర్‌ను అడిగే ప్రశ్నలు మామూలుగా ఎత్తెంత, ఖర్చెంత, సర్టిఫికెట్ ఇస్తారా అన్నవే. అడగాల్సినవి వేరు. పై క్యాంప్‌లో ఒకరు నడవలేకపోతే ఎవరు మోస్తారు, ఎటువైపు దింపుతారు, 1,000 మీటర్లు దిగడానికి ఎన్ని గంటలు? దగ్గరి డాక్టర్ ఏ ఊళ్లో? మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం నేరం కాబట్టి, కబురు పంపడానికి ఉన్న దారేమిటి, ఆ అనుమతి కాగితం ఎవరి దగ్గరుంది? ఇన్సూరెన్స్ ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుంది? తుఫానులో ఇరుక్కుంటే అదనంగా ఎన్ని రోజుల తిండి ఉంది? వీటికి గంటల్లో, రోజుల్లో, కిలోల్లో జవాబు రాకపోతే ఆ ఏడాదికి భువనగిరి దగ్గరే ఇంకో సీజన్ గడపొచ్చు, బండ ఎక్కడికీ పోదు.